పానపాత్ర ఇచ్చే రెండు సాక్ష్యాలు: పాతకాలపు చెక్కిన క్రిస్టల్ గ్లాసులు

మన ఇళ్లలో 'స్టీలు గ్లాసు' అంటాం, 'ఇత్తడి గ్లాసు' అంటాం. అందులో వింతేమీ మనకు కనిపించదు. నిజానికి ఇంగ్లీషులో గ్లాస్ అంటే గాజు. గాజుతో చేసిన పానపాత్రకు ఆ పదార్థం పేరే పేరుగా నిలిచింది. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి పదార్థాన్ని వదిలిపెట్టి పాత్రను మాత్రమే పట్టుకుంది. మనకు గాజు అనగానే ముందుగా గుర్తొచ్చేది చేతి గాజు. యూరప్‌లో మాత్రం పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో సంపన్నుల బల్లమీద గాజు అంటే ద్రాక్షసారా తాగే పాత్ర. దానికి పైన గిన్నె, మధ్యలో కాడ, కింద పాదం ఉంటాయి. గిన్నె మీద పువ్వులు, వంశచిహ్నాలు, నినాదాలు, కొన్నిసార్లు పద్యాలు కూడా చెక్కి ఉంటాయి.

ఇటువంటి గ్లాసును అందమైన వస్తువుగా చూడటం ఒక పద్ధతి. చరిత్ర విద్యార్థి దాన్ని ఆధారంగా చూస్తాడు. అలా చూసేటప్పుడు ఒక విషయాన్ని మొదటినుంచీ మనసులో ఉంచుకోవాలి. చెక్కిన గ్లాసు ఒక సాక్ష్యం కాదు, రెండు సాక్ష్యాలు. గాజు ఎప్పుడు, ఎక్కడ తయారైందనేది ఒకటి. దానిమీది చెక్కడం ఎప్పుడు, ఎవరు చేశారనేది మరొకటి. ఈ రెండూ ఒకే రోజువి కావచ్చు. వీటి మధ్య నూరేళ్లకు పైగా ఎడం కూడా ఉండవచ్చు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పేరుపొందిన సేకర్తలు కూడా ఎలా పొరబడ్డారో ఈ పాఠంలో చూస్తాం. ముందు గాజు సంగతి తెలుసుకుందాం.

స్ఫటికం కాని క్రిస్టల్

కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో ధాతువులను భద్రపరచిన స్ఫటిక పేటిక దొరికింది. అది అసలైన స్ఫటికం, అంటే భూమిలో దొరికే పారదర్శకమైన క్వార్ట్జ్ రాయి. దాన్ని సానపట్టి పేటికగా మలిచారు. స్ఫటికంలో అణువులు ఒక క్రమంలో పేర్చినట్లు ఉంటాయి. గాజులో ఆ క్రమం ఉండదు. కరిగిన ఇసుక క్రమపద్ధతిలో అమరే లోపే చల్లబడి గట్టిపడితే వచ్చేదే గాజు. కాబట్టి శాస్త్రరీత్యా 'క్రిస్టల్ గ్లాసు' అనే మాటలోనే వైరుధ్యం ఉంది. అయినా ఆ పేరు నిలిచిపోయింది. దానికి కారణం వెనిస్ నగరం.

ఇసుకలోని సిలికాను ఒంటరిగా కరిగించాలంటే దాదాపు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడి పాతకాలపు కొలుముల్లో సాధ్యం కాదు. సోడా గానీ పొటాష్ గానీ కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది. మన చాకలివారు బట్టలు ఉతకడానికి వాడిన చవుడులో ఉండేది ఈ సోడాయే. అయితే ఇసుక, సోడా మాత్రమే కలిస్తే వచ్చే గాజు నీటికి తట్టుకోదు. దానికి నిలకడనిచ్చేది సున్నం. ఈ మూడింటి పొత్తు కుదిరితేనే మంచి గాజు వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, త్వరలో మళ్లీ అవసరపడుతుంది.

అగ్నిప్రమాదాల భయంతో వెనిస్ పాలకులు 1291లో గాజు కొలుములను మురానో దీవికి తరలించారు. పదిహేనో శతాబ్దం మధ్యలో అక్కడి పనివారు ఉప్పునేలల్లో పెరిగే మొక్కల బూడిదను శుద్ధిచేసి వాడి, రంగు కనిపించని గాజును తయారుచేశారు. ఈ పనితో ఆంజెలో బరోవియర్ అనే నిపుణుడి పేరు ముడిపడి ఉంది. రాతి స్ఫటికంలా ఉందని దానికి 'క్రిస్టల్లో' అని పేరు పెట్టారు. అది చాలా పలుచగా, తేలికగా ఉండేది. వజ్రపు మొనతో దానిమీద గీతలు గీయవచ్చు. తిరిగే చక్రంతో లోతుగా చెక్కబోతే పగిలిపోతుంది. లోతైన చెక్కడానికి మందమైన గాజు కావాలి. అది వెనిస్‌లో కాకుండా ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన తయారైంది.

చక్రం కింద గాజు

పదిహేడో శతాబ్దం ఆరంభంలో ప్రాగ్ నగరంలో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థానంలో కాస్పర్ లేమాన్ అనే రత్నశిల్పి ఉండేవాడు. రత్నాలను, స్ఫటికాన్ని చెక్కే చిన్న చక్రాలను అతడు గాజు మీద ప్రయోగించాడు. 1609లో చక్రవర్తి అతనికి గాజు చెక్కడంపై ప్రత్యేక హక్కు ఇచ్చాడు. ప్రాగ్ అలంకార కళల మ్యూజియంలో 1605 నాటి లేమాన్ పాత్ర ఒకటి ఉంది. శతాబ్దం చివరికి బొహీమియా పనివారు కర్ర బూడిదలోని పొటాష్‌తో, సున్నంతో గట్టి, మందమైన, తెల్లని గాజును తయారుచేయగలిగారు. చక్రపు పనికి అది చక్కగా సరిపోయింది. బొహీమియా చెక్కుడు పనివారు అక్కడినుంచి యూరప్ అంతటికీ వెళ్లారు. వారిలో ఒకరిని ఈ పాఠం చివర్లో మళ్లీ కలుస్తాం.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి. చెక్కేవాడి ముందు అడ్డంగా తిరిగే ఇరుసు ఉంటుంది. కాలితో తొక్కితే అది తిరుగుతుంది. ఇరుసు చివర ఒక చిన్న రాగి చక్రం బిగిస్తారు. పప్పుబద్దంత చక్రం నుంచి రూపాయి బిళ్లంత చక్రం వరకు పరిమాణాల్లో ఎన్నో రకాలు ఉంటాయి. రాగి గాజుకంటే మెత్తన. మరి అది గాజును ఎలా కోస్తుంది? కోసేది రాగి కాదు. చక్రపు అంచుకు నూనెలో కలిపి పూసిన కురువిందపు పొడి కోస్తుంది. రాగి పని ఆ పొడిని పట్టుకుని ఉండటమే.

చెక్కేవాడు చక్రాన్ని గాజు మీదికి తేడు. గాజునే చక్రం కిందికి తెచ్చి, పైకి నొక్కుతాడు. నూనె, పొడి కలిసిన నల్లటి ముద్ద తాను కోస్తున్న చోటును కప్పేస్తుంది. కాబట్టి ఆ క్షణంలో అతనికి కన్ను సాయం చేయదు, వేళ్లకు తగిలే అదురే దారి. తుడిచి చూసుకుంటూ మళ్లీ కోస్తాడు. ఇంకో చిత్రం ఏమిటంటే, గులాబి రేకులో ఏ భాగం ఉబ్బెత్తుగా కనిపించాలో ఆ భాగాన్ని ఎక్కువ లోతుగా కోయాలి. గాజు గుండా చూసేవారి కంటికి లోతు ఉబ్బుగా తోస్తుంది. తప్పు పడితే దిద్దుబాటు లేదు. కోసిన గాజును తిరిగి అతికించలేం కదా.

చక్రం లేకుండా చెక్కే పద్ధతులూ ఉన్నాయి. డచ్చి కవయిత్రి అన్నా రూమర్స్ విస్షర్ (1583–1651) వజ్రపు మొనతో గాజు మీద వంపులు తిరిగిన అందమైన అక్షరాలు రాసింది. ఆమె చేతి గ్లాసులు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో డోర్‌డ్రెక్ట్ పట్టణంలో ఉద్యోగి అయిన ఫ్రాన్స్ గ్రీన్‌వుడ్ చుక్కల పద్ధతిని నైపుణ్యంతో వాడాడు. వజ్రపు మొనతో గాజును సున్నితంగా తాకుతూ వేలకొద్దీ చుక్కలు పెడతారు. చుక్కలు దట్టంగా ఉన్నచోట వెలుగు, లేనిచోట నీడ. గ్లాసును ఒక కోణంలో పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది, కొంచెం తిప్పితే మాయమవుతుంది. ఇటువంటి మెత్తని చుక్కల పనికి ఎక్కువగా కోరుకున్నది ఇంగ్లీషు పద్ధతిలో చేసిన సీసపు గాజునే.

సీసం ఎందుకు చేరింది?

ఇంగ్లండులో ఓడల నిర్మాణానికి కలప కావాలి. అందుకని 1615లో గాజు కొలుముల్లో కట్టెలు వాడరాదని రాజాజ్ఞ వెలువడింది. కొలుములు బొగ్గుకు మారాయి. మంచి పానపాత్రలు మాత్రం ఇంకా వెనిస్ నుంచే వచ్చేవి. వెనిస్‌తో వ్యాపారం చేసిన జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ అనే వర్తకుడు లండన్‌లోనే అటువంటి గాజును చేయాలని పూనుకుని 1674లో పేటెంట్ పొందాడు.

తొలి ఫలితం నిరాశ కలిగించింది. గ్లాసులు కొన్నాళ్లకే మసకబారి, సాలెగూడు వంటి సన్నని బీటలు పడ్డాయి. దీన్ని 'గాజు జబ్బు' అంటారు. పైన గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. పదార్థాలను మరీ శుద్ధి చేసేసరికి గాజుకు నిలకడనిచ్చే సున్నం తగ్గింది, క్షారం ఎక్కువైంది. గాలిలోని తేమ ఆ క్షారాన్ని మెల్లగా లాగేస్తే గాజు పైపొర కుంచించుకుపోయి చిట్లుతుంది. రావెన్స్‌క్రాఫ్ట్ మిశ్రమంలో సీసపు ఆక్సైడ్‌ను చేర్చి ఈ లోపాన్ని సరిదిద్దాడు. సీసం వాడకం పూర్తిగా అతని కల్పన కాదు. ఆంటోనియో నేరి 1612లో ఇటలీలో ప్రచురించిన గాజు గ్రంథంలో సీసపు గాజు ప్రస్తావన ఉంది. ఆ గ్రంథం 1662లోనే ఇంగ్లీషులోకి వచ్చింది. 1677 నుంచి రావెన్స్‌క్రాఫ్ట్ తన మెరుగైన గాజుపై కాకి జాతికి చెందిన రావెన్ పక్షి తల ముద్ర వేశాడు. తన ఇంటిపేరు మీద శ్లేష అది. ముద్ర ఉన్న గ్లాసుల్లో కూడా కొన్నింటికి తర్వాత జబ్బు చేసింది. వర్తకుడి హామీకీ రసాయన శాస్త్రానికీ పొత్తు కుదరలేదన్నమాట. అటువంటి గ్లాసులను ఈనాడు మ్యూజియంలు గాలిలో తేమ 40 శాతం దరిదాపుల్లో స్థిరంగా ఉండేలా చూసి కాపాడుతున్నాయి.

సీసం చేరిన గాజు బరువుగా ఉంటుంది. కాంతిని ఎక్కువగా వంచుతుంది కాబట్టి మెరుస్తుంది. మీటితే గంటలా మోగుతుంది. కోతకు, చెక్కడానికి మెత్తగా లొంగుతుంది. తొలిరోజుల్లో ఇసుకకు బదులు చెకుముకి రాయిని పొడిచేసి వాడటం వల్ల ఇంగ్లీషువారు దీన్ని 'ఫ్లింట్ గ్లాస్' అన్నారు. చెకుముకి పోయి ఇసుక వచ్చాక కూడా పేరు మారలేదు. 1969 నాటి యూరోపియన్ నిబంధన ప్రకారం 24 శాతం సీసపు ఆక్సైడ్ ఉంటే 'లెడ్ క్రిస్టల్', 30 శాతం ఉంటే 'ఫుల్ లెడ్ క్రిస్టల్'. మన 'సీసా' అనే మాటకు ఈ సీసంతో సంబంధం లేదు, అది పారశీక 'షీషా' నుంచి వచ్చింది. విద్యార్థులు తరచుగా ఈ రెంటినీ కలిపేస్తుంటారు. ఈ గాజులో పోసిన సారాలోకి సీసం కొద్దికొద్దిగా దిగుతుందన్నది మాత్రం నిజం. నెలల తరబడి నిలవ ఉంచితే ఆ మోతాదు ఆందోళనకరంగా పెరుగుతుంది.

బరువు మీద పన్ను

యుద్ధ ఖర్చుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1745–46లో గాజుపై పన్ను విధించింది. గాజు తయారీకి వాడే పదార్థాల బరువును బట్టి పన్ను. బరువే గొప్పగా భావించిన సీసపు గాజుకు ఇది గట్టి దెబ్బ. తర్వాతి దశాబ్దాల్లో గ్లాసులు తేలికయ్యాయి, గిన్నెలు చిన్నవయ్యాయి. లావుపాటి కాడల స్థానంలో లోపల గాలి దారాలు గానీ తెల్లని గాజు దారాలు గానీ మెలితిరిగిన సన్నని కాడలు వచ్చాయి. ఇదంతా పన్ను వల్లే జరిగిందని కొన్ని పుస్తకాలు రాస్తాయి. గాలి మెలిక కాడలు పన్నుకు ముందే కనిపిస్తున్నాయి కాబట్టి పన్ను ఆ ధోరణిని బలపరిచిందని అనడమే సబబు.

ఈ పన్ను ఐర్లండుకు వర్తించలేదు, కానీ అక్కడి గాజు ఎగుమతిని నిషేధించారు. 1780లో నిషేధం తొలగింది. మూడేళ్లకు జార్జ్, విలియం పెన్‌రోజ్‌లు వాటర్‌ఫర్డ్‌లో గాజు కర్మాగారం స్థాపించారు. ఇంగ్లండులోని స్టౌర్‌బ్రిడ్జ్ నుంచి జాన్ హిల్ అనే నిపుణుడు పనివారితో సహా వచ్చాడు. పన్ను లేనిచోట మందమైన, లోతుగా కోసిన గాజు మళ్లీ విరివిగా తయారైంది. 1825లో ఐర్లండుకూ పన్ను వచ్చింది. 1845లో పన్నునే రద్దుచేశారు, అప్పటికే ఆలస్యమైంది. 1851లో వాటర్‌ఫర్డ్ కొలిమి ఆరిపోయింది. ఈనాడు అదే పేరుతో ప్రసిద్ధమైన సంస్థ 1947లో కొత్తగా మొదలైంది. 'పాత వాటర్‌ఫర్డ్' అని చెప్పే వస్తువును చూసినప్పుడు మధ్యలోని ఈ 96 ఏళ్ల ఖాళీని మరువకండి.

గులాబి, మొగ్గ, నిషిద్ధ విధేయత

ఇక అసలు చిక్కుకు వద్దాం. 1688లో ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ సింహాసనం కోల్పోయాడు. అతని వంశమే తిరిగి రావాలని కోరినవారిని జాకబైట్లు అంటారు. జేమ్స్ పేరుకు లాటిన్ రూపం జాకోబస్, అందుకని ఆ పేరు. 1715లో ఒకసారి, 1745లో మరోసారి తిరుగుబాటు జరిగింది. జేమ్స్ మనుమడు చార్లెస్ ఎడ్వర్డ్ సేన 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో ఓడిపోయింది. తిరుగుబాటుకు తోడ్పడిన లార్డ్ లోవట్‌కు 1747లో శిరచ్ఛేదం జరిగింది. అటువంటి కాలంలో ఓడిన రాజు పేరిట గ్లాసు ఎత్తడం ఆటవిషయం కాదు.

అయినా ఎత్తారు. గ్లాసుల మీద గులాబి, దాని పక్కన ఒకటో రెండో మొగ్గలు, ఓక్ ఆకు, నక్షత్రం చెక్కించారు. గులాబి రాచరికానికి, మొగ్గలు రావలసిన వారసులకు గుర్తు అని సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. కొన్నింటి మీద 'ఫియట్' (అలాగే అగుగాక), 'రెడియాట్' (తిరిగి వచ్చుగాక) అనే లాటిన్ మాటలుంటాయి. వీటన్నిటికంటే అరుదైనవి 'ఆమెన్' గ్లాసులు. వాటిమీద జేమ్స్ వంశాన్ని కీర్తించే గీత చరణాలను వజ్రపు మొనతో రాసి, చివర ఆమెన్ అని ముగించారు. తెలిసినవి నలభైకి లోపే.

ఓడినవారి కథలో ఒక ఆకర్షణ ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ గ్లాసులకు సేకర్తల్లో గిరాకీ పెరిగింది. చెక్కడం లేని పద్దెనిమిదో శతాబ్దపు గ్లాసు అగ్గువ, గులాబి చెక్కినది ఖరీదు. ఇక్కడే ఫ్రాంజ్ టీట్సే (1842–1932) ప్రవేశిస్తాడు. బొహీమియాలో పని నేర్చి డబ్లిన్‌కు వలస వచ్చిన చెక్కుడు పనివాడు ఇతను. పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు 1994లో బర్లింగ్టన్ మ్యాగజైన్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. పద్దెనిమిదో శతాబ్దపు స్మారకాలుగా చలామణి అయిన చెక్కుడు గ్లాసుల్లో కొన్ని నిజానికి టీట్సే చేతి పని అని అందులో వాదించాడు. వాటిలో జాకబైట్ గ్లాసులే కాక, వారి ప్రత్యర్థి మూడో విలియం రాజును కీర్తించేవీ, ఐరిష్ వాలంటీర్ల దళాలవీ ఉన్నాయి. పరస్పర శత్రువుల స్మారకాలు ఒకే చేతి కింద తయారయ్యాయంటే, చెక్కినవాడికి ఏ పక్షం మీదా ప్రత్యేక అభిమానం లేదని అనుకోవాలి.

ఈ మోసంలో గాజు అబద్ధమాడలేదు. అది నిజంగా పాతదే. అందుకే గాజును పరీక్షించి తృప్తిపడ్డవారు దొరికిపోయారు. మరోవైపు ఈ సంగతి తెలిశాక జాకబైట్ గ్లాసులన్నీ నకిలీలే అనేయడం కూడా సరికాదు. జెఫ్రీ సెడాన్ అనే పరిశోధకుడు రేకుల కోత, ఆకుల ఈనెలు పోల్చి, చేతిరాతను గుర్తుపట్టినట్లు చెక్కేవారి చేతులను వేరుచేయడానికి ప్రయత్నించాడు. ఒక్కొక్క గ్లాసును విడిగా విచారించాలి తప్ప గుంపుగా తీర్పు చెప్పకూడదు.

ఏమి చూడాలి?

గాజుకు ఒక సులువైన పరీక్ష సాంద్రత. గ్లాసును ముందు గాలిలో, తర్వాత దారానికి కట్టి నీటిలో పూర్తిగా ముంచి తూచాలి. గాలిలో 310 గ్రాములు, నీటిలో 210 గ్రాములు తూగిందనుకుందాం. తగ్గిన 100 గ్రాములు అది తొలగించిన నీటి బరువు. 310ని 100తో భాగిస్తే 3.1. సీసపు గాజు సాంద్రత ఈ దరిదాపుల్లో ఉంటుంది, మామూలు సోడా గాజుది 2.5 దగ్గర. కాడలో గాలి మెలికలు ఉంటే లోపల చిక్కిన గాలి వల్ల లెక్క కాస్త తక్కువగా వస్తుంది. జబ్బు చేసిన గ్లాసును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నీటిలో ముంచకూడదు.

పాదం అంచును భూతద్దంతో చూడండి. తరతరాలు బల్లల మీద జరిపితే పడిన గీతలు అన్ని దిశల్లో, హెచ్చుతగ్గులుగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దితే ఒకే దిక్కుగా, ఒకే లోతులో ఉంటాయి.

చెక్కడానికి వేరే పరీక్ష కావాలి. గిన్నె మీద వాడకం వల్ల పడిన గీత చెక్కిన రేకు అంచు దాకా వచ్చి, ఆ అంచును కూడా అరగదీసిందా? అయితే గీత కంటే చెక్కడం ముందుది. పాత గీత రేకు దగ్గర ఉన్నట్టుండి తెగి, రేకు అంచు పదునుగా ఉందా? అయితే చెక్కడం తర్వాత వచ్చింది. కొత్త కోత సుద్దలా తెల్లగా ఉంటుంది, పాత కోత మురికి పట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. అయితే రంగును కల్పించడం కష్టం కాదు, అందుకే ఒక్క గుర్తును నమ్మకూడదు.

ఇటువంటి గాజును స్వయంగా చూడటానికి మనవారు యూరప్ దాకా వెళ్లనక్కరలేదు. హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ దేశాల గాజు సేకరణ ఉంది, వెనిస్, బొహీమియా, ఇంగ్లండు, ఐర్లండు వస్తువులతో సహా. వెళ్లినప్పుడు ప్రతి వస్తువు ముందూ ఒక నిమిషం ఆగి, గాజును గురించి ఒక వాక్యం, అలంకరణను గురించి ఒక వాక్యం విడివిడిగా రాసుకోండి.

అభ్యాసం: ఒక అమ్మకందారు మీకు ఒక గ్లాసు చూపి, ఇది 1746 ప్రాంతపు ఇంగ్లీషు సీసపు గాజు అనీ, గులాబి, రెండు మొగ్గలు జాకబైట్ల నాటివనీ చెప్పాడు. కాడలో గాలి మెలికలు లేవు. గాలిలో 250 గ్రాములు, నీటిలో 150 గ్రాములు తూగింది. పాదం మీది గీతలు అన్నివైపులా ఉన్నాయి. గిన్నె మీది ఒక పాత గీత రేకు అంచున ఉన్నట్టుండి తెగింది. అమ్మకందారు చెప్పిన రెండు మాటల మీద మీ అభిప్రాయాన్ని వేరువేరుగా, ఒక్కొక్కటి ఐదు వాక్యాల్లో రాయండి.